తండ్రి సెమీస్ ఆడితే కొడుకు క్వార్టర్స్‌తో ఆగాడా?

ప్రశ్న: నేను ఒకప్పుడు యూనివర్సిటీ టీమ్‌కి టెన్నిస్ ఆడాను. మా అబ్బాయికి పదమూడేళ్లు, రోజూ నేనే ఆడిస్తాను. మా బావగారేమో "ఆటగాడి కొడుకు తండ్రంత కాడు, రమేశ్ కృష్ణన్‌ని చూడు, తండ్రి రెండుసార్లు వింబుల్డన్ సెమీస్ ఆడితే ఇతను ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు" అంటారు. నిజమేనంటారా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: లెక్క నిజమే, పోలికే కుదరదు. రమేశ్ తండ్రి రామనాథన్ కృష్ణన్ 1960, 1961ల్లో వింబుల్డన్ సెమీస్ ఆడారు. మొదటిసారి నీల్ ఫ్రేజర్ చేతిలో, రెండోసారి రాడ్ లేవర్ చేతిలో ఓడారు, ఆ ఏడాదుల్లో కప్పు ఎత్తుకున్నదీ వాళ్లే. గొప్ప ఆటగాడే, అందులో అనుమానం లేదు. కానీ అప్పట్లో డబ్బు తీసుకుని ఆడే ప్రొఫెషనల్స్‌కి వింబుల్డన్‌లో చోటు లేదు. గొంజాలెస్, హోడ్, రోజ్‌వాల్ లాంటి వాళ్లంతా బయటే ఉండిపోయారు. 1959లో ఆ ప్రొఫెషనల్ పోటీలు నడిపే జాక్ క్రామర్ కృష్ణన్‌ని కూడా ప్రొఫెషనల్‌గా రమ్మన్నాడు, ఈయన వద్దని దేశం తరఫున డేవిస్ కప్ ఆడుకుంటూ ఉండిపోయారు. ఆ గేటు 1968లో గానీ తెరుచుకోలేదు.

రమేశ్ వచ్చేసరికి అందరూ ఒకే పోటీల్లో ఆడుతున్నారు. కానర్స్, మెకన్రో, లెండిల్, విలాండర్, బెకర్, ఎడ్‌బర్గ్... వీళ్ల మధ్య 1981, 1987లో యూఎస్ ఓపెన్ క్వార్టర్స్, 1986లో వింబుల్డన్ క్వార్టర్స్, 8 సింగిల్స్ టైటిళ్లు, 1985లో ప్రపంచ 23వ ర్యాంకు. దీన్ని తక్కువ అనేవాళ్లకి ఆ ర్యాంకుతో ఇవాళ మన సింగిల్స్ ఆటగాడు ఒక్కడు కనిపిస్తే చాలని నేనంటాను. ఇంకొకటి, తండ్రి 1954లో గెలిచిన వింబుల్డన్ జూనియర్ టైటిల్‌నే కొడుకు సరిగ్గా 25 ఏళ్లకి, 1979లో గెలిచాడు. అదే ఏడాది ఫ్రెంచ్ జూనియర్ కూడా కొట్టాడు.

ప్రశ్న: ఇంట్లో తాత టి.కె. రామనాథన్, తండ్రి ఇద్దరూ ఆటగాళ్లే కదా, మరి రమేశ్ సర్వీస్ అంత మెత్తగా ఎందుకుండేది? (హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: నాకు తోచింది చెబుతాను. ఇంట్లో ఏది ఉంటే అదే పిల్లలకి వస్తుంది. వాళ్లింట్లో ఉన్నది బలం కాదు, చేతి నైపుణ్యం. చెక్క రాకెట్ల కాలంలో తండ్రి ఆట కూడా టచ్ మీదే నడిచింది, ఆయన సర్వీస్ చూసీ ఎవరూ భయపడలేదు. కొడుకు కాలంలో గ్రాఫైట్ రాకెట్లు వచ్చి సర్వీస్ తుపాకీ గుండైపోయింది. రెండో సర్వీస్ పడగానే అవతలివాడు లోపలికొచ్చి బాదేవాడు, రమేశ్‌కి తేలిగ్గా దొరికే పాయింట్లే ఉండేవి కావు.

అయితే అదే ఆట కొందరికి మింగుడుపడేది కాదు. రాకెట్‌ని వెనక్కి పెద్దగా ఊపడు, బంతి నేల మీద పడి పైకి లేస్తుండగానే చదునుగా తోసేస్తాడు, ఎదుటివాడు ఇంకా కాళ్లు సర్దుకుంటూనే ఉంటాడు. 1989 ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండులో ప్రపంచ నంబర్ వన్, పైగా అంతకుముందు ఏడాది అక్కడే గెలిచిన మాట్స్ విలాండర్‌ని ఇలాగే వరుస సెట్లలో ఇంటికి పంపాడు. విలాండర్ బాది పడగొట్టే రకం కాదు, ఓపిగ్గా ర్యాలీ ఆడే మనిషి. అలాంటివాడు దొరికితే రమేశ్‌కి పండగే.

ప్రశ్న: డేవిస్ కప్‌లో తండ్రీకొడుకులిద్దరూ మనల్ని ఫైనల్‌కి తీసుకెళ్లారంటారు, వివరాలు చెప్పండి. (విజయవాడ పాఠకుడు)

జవాబు: 1966, కలకత్తా. బ్రెజిల్‌తో ఐదు మ్యాచ్‌ల పోటీలో స్కోరు 2-2, ఆఖరి మ్యాచ్‌లో వాళ్ల థామస్ కాక్ 2-1 సెట్ల ఆధిక్యంలో ఉన్నాడు, నాలుగో సెట్లో 5-2. అయిపోయిందనుకున్న దశ నుంచి కృష్ణన్ గెలిచారు. మెల్‌బోర్న్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 4-1తో ఓడాం, ఆ ఒక్కటీ కృష్ణన్, జైదీప్ ముఖర్జీ డబుల్స్‌లో న్యూకోంబ్, రోష్‌లని ఓడించి తెచ్చింది. 1987లో సిడ్నీ, ఆస్ట్రేలియాతో మళ్లీ 2-2, ఈసారి పచ్చిక కోర్టు మీద సొంత జనం ముందు ఆడుతున్న వాలీ మసూర్‌ని రమేశ్ ఒక్క సెట్ ఇవ్వకుండా ఓడించాడు. ఫైనల్లో స్వీడన్ 5-0తో ఉతికేసింది, అది వేరే సంగతి.

తెనాలి పాఠకుడికి ఇంకొక్క మాట. ఇంట్లో అంతటి గురువులున్నా రమేశ్‌ని ఫ్లోరిడాలో కోచ్ హ్యారీ హాప్‌మన్ దగ్గరికి పంపారు. మీవాడికి ఫోర్‌హ్యాండ్ మీరే నేర్పండి, కానీ సర్వీస్ దగ్గర మాత్రం మీకంటే బాగా వేసే ఇంకొకరికి అప్పగించండి. మ్యాచ్ ఓడి వచ్చిన రాత్రి అన్నం దగ్గర స్కోరు ఎత్తకండి, పొద్దున్నే కోర్టులో ఎలాగూ మాట్లాడుకుంటారు.