బతుకమ్మ పూల వల్ల వరంగల్ పల్లెల్లో నేల వాడే తీరు మారుతుందా?

మారుతుంది, కానీ అన్ని పూలతో ఒకేలా కాదు. బంతిని పండగ కోసమే వేస్తారు. బతుకమ్మ, దసరాకు పూత అందేలా వానాకాలంలో నాటుతారు. మిరప చేను చుట్టూ బంతి వరస ఉంటే అది ఎర పంట కూడా. కాయతొలుచు పురుగు ముందు ఆ పూల మీదే గుడ్లు పెడుతుంది.

గునుగు, తంగేడు ఎవరూ విత్తరు. గునుగు జొన్న, మక్క చేన్లలో కలుపుగా మొలుస్తుంది. పశువులు పెద్దగా ముట్టవు కాబట్టి తంగేడు మేత బీళ్లలో నిలుస్తుంది. గడ్డిమందు కొట్టిన చేన్లో గునుగు మిగలదు, బీడు ప్లాట్లయితే తంగేడు పోతుంది. ఊరికి ఒక్క గట్టయినా మందు కొట్టకుండా వదలాలంటాను, విత్తనం రాలాలి కదా! ఇప్పటికే పట్నంలో గునుగును కట్టల లెక్కన కొంటున్నారు.

జమ్మి సంగతి వేరు: దసరా పూజ ఉంది కాబట్టే ఊరి బయట ఆ చెట్టుకు గొడ్డలి తగలదు.