మొదటి రౌండులోనే దమ్మంతా పోగొట్టుకోకు

చి. రవికి,

పెద్దనాన్న ఆశీస్సులు. మీ నాన్న ఫోన్లో అంతా చెప్పాడు. పోలీసు ఉద్యోగం పరీక్షకని ప్రాక్టీసు చేస్తున్న 1600 మీటర్ల పరుగులో మొదటి రౌండు అందరికంటే ముందుంటున్నావట, మూడో రౌండుకొచ్చేసరికి తొడలు బిగుసుకుపోయి నడుం పట్టుకుని నిలబడుతున్నావట. నీకు దమ్ము లేక కాదురా. కండకు శక్తి ఏ వరసలో అందుతుందో తెలియక.

కండ కదలాలంటే అందులోని మయోసిన్ పోగులు ఆక్టిన్ పోగుల్ని పట్టి లాగాలి. బావిలో చేద తోడేటప్పుడు ఒక చేయి పట్టు వదిలితేనే కదా పైన ఇంకోచోట పట్టుకునేది, ఇదీ అంతే. ఆ పట్టు విడిపించడానికీ, మళ్ళీ లాగడానికీ కావలసిన పదార్థం ఏటీపీ. చనిపోయాక ఒళ్ళు కొయ్యబారేది కూడా ఏటీపీ అందక పట్టు వీడకపోవడం వల్లే.

కండలో అప్పటికి తయారుగా ఉండే ఏటీపీ రెండు మూడు సెకన్లకు మించి రాదు. వెంటనే ఏటీపీని మళ్ళీ నింపే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఆదుకుంటుంది, అదీ గట్టిగా పరిగెత్తితే పది సెకన్ల మాట. దాన్ని 1927లో అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి బయటపెట్టింది ఎవరనుకున్నావు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అంతకు ముందు లాక్టిక్ ఆమ్లమే కండను ముడుచుకునేలా చేస్తుందని పెద్ద పెద్దవాళ్ళే నమ్మేవారు. ఈ సంగతి మన స్కూల్లో ఒక్కరూ చెప్పరు, అది వేరే బాధ.

ఆ పది సెకన్లూ దాటాక గ్లైకోజెన్ కరగాలి. నువ్వు తిన్న అన్నం కండల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే రూపం అది. ప్రాణవాయువు సరిపడా అందితే ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు వస్తాయి. అందకుండా తొందరపెడితే వచ్చేవి రెండే, పైగా కండలో ఆమ్లం పెరుగుతుంది. నీ తొడలు బిగిసేది అక్కడే. మొదటి రౌండు 80 సెకన్లలో కొట్టేస్తున్నావు. గుండె, ఊపిరితిత్తులు పూర్తిగా పుంజుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, నువ్వేమో ఈలోపే ప్రాణవాయువు అప్పు నెత్తికెత్తుకుంటున్నావు.

2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్లో ఈ పరుగుకు మగపిల్లలకు 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చారు. రౌండుకు 105 సెకన్ల చొప్పున పోతే 7 నిమిషాల్లో అయిపోతుంది. మొదటి రౌండులో నలుగురు నిన్ను దాటిపోతే పోనీ. పక్కవాణ్ణి చూసి రెచ్చిపోవద్దు, వాచీ చూసుకో. పరుగుకు ముందు పది నిమిషాలు మెల్లగా జాగింగ్ చేసి, చివర్లో రెండు మూడు చిన్న స్ప్రింట్లు కొట్టు. ఒళ్ళు వేడెక్కి ప్రాణవాయువు తొందరగా అందుతుంది.

ప్రాక్టీసులో వారానికి రెండు రోజులు 400 మీటర్లు అదే 105 సెకన్ల వేగంతో, మధ్యలో రెండు నిమిషాలు నడుస్తూ, ఐదారుసార్లు చెయ్. మిగతా రోజుల్లో మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా అరగంట. ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. ఈ నెమ్మది పరుగును పిల్లలు చులకనగా చూస్తారు గానీ, ప్రాణవాయువుతో ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియా కండలో పెరిగేది దానివల్లే.

షాట్‌పుట్, లాంగ్‌జంప్ సంగతి వేరు. అవి క్షణాల పని, అక్కడంతా ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్‌లదే. అవి మళ్ళీ నిండటానికి మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. ప్రాక్టీసులో వరసబెట్టి విసరకు.

జిమ్‌లో క్రియాటిన్ డబ్బా కొనమంటున్నారట. బరువులెత్తేవాడికి కాస్త పనికొస్తుందేమో గానీ, ఒంట్లో నీరు పట్టి బరువు పెరిగితే 1600 మీటర్లలో ఆ బరువు మోసేది నువ్వే. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కో. పరీక్షకు ముందు రోజు రాత్రి కడుపునిండా అన్నం తిను. ఆ పొద్దున మాత్రం రెండు మూడు గంటల ముందే ఇడ్లీయో అరటిపండో తిని ఊరుకో.

మర్నాడు కాళ్ళు నొప్పులంటే లాక్టిక్ ఆమ్లం అని భయపెట్టేవాళ్ళ మాట వినకు. ఆ ఆమ్లం గంటా రెండు గంటల్లోనే పోతుంది. అలవాటు లేని శ్రమకు కండపోగులు కాస్త దెబ్బతినడం వల్ల వచ్చేది ఆ నొప్పి. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్. నాలుగు రౌండ్ల టైములు విడివిడిగా రాసిపెట్టుకుని చెప్పు, మొత్తం ఒక్కటే చెబితే నాకు ఉపయోగం లేదు.

మీ పెద్దనాన్న