స్కానర్ అంతా చెప్పేస్తే మెకానిక్ పనికి భవిష్యత్తు ఉందా?

"ఆటోమొబైల్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాను సార్, స్కానర్ పెడితే ప్రాబ్లమ్ అదే చెప్పేస్తోంది కదా, ఇంక ఈ లైన్‌లో నేర్చుకోవడానికి ఏముంది, సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిపోనా?" అని అడిగావు.

బండికి తగిలించి ఇంజిన్ కంప్యూటర్‌లోని డేటా చదివే ఈ స్కానర్ ప్రాబ్లమ్ చెప్పదు తమ్ముడూ. ఇంజిన్ కంప్యూటర్‌కి ఏది తేడాగా కనిపించిందో చెబుతుంది, అంతే. ఆ తేడా ఎందుకొచ్చిందో వెతకాల్సింది మనిషే, జీతం కూడా దానికే ఇస్తారు.

స్కానర్‌లో పి0171 అనే కోడ్ (తేడా ఏంటో చెప్పే నంబరు) వచ్చిందనుకో. మిక్చర్ లీన్‌గా ఉంది, అంటే గాలి ఎక్కువైంది లేదా పెట్రోల్ తక్కువైంది. ఇది చూడగానే, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌ని మార్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ ఆ సెన్సర్ తన పని సరిగ్గా చేసింది కాబట్టే కోడ్ పడి ఉండొచ్చు! లైవ్ డేటాలో, అంటే ఇంజిన్ నడుస్తుండగా స్కానర్ చూపించే అంకెల్లో, ఫ్యూయల్ ట్రిమ్ చూడు, కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో అది చెబుతుంది. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) ప్లస్ 22 శాతం ఉన్నది, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి ఉంచితే 4, 5కి దిగిపోయిందంటే ఎక్కువగా వ్యాక్యూమ్ లీకే, చిట్లిన గొట్టమో ఇన్‌టేక్ గాస్కెట్టో అయి ఉంటుంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందుకే సందులోంచి దూరే గాలి వాటా పెద్దగా కనిపిస్తుంది, ఆర్‌పీఎమ్ పెరిగితే అదే లీక్ పెద్దగా లెక్కలోకి రాదు. అలా కాకుండా ఐడిల్‌లో బాగుండి లోడ్ పడేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ చూడాలి. కోడ్ అదే, రిపేరు మాత్రం వేరు.

ఇంకోటి, దయచేసి రాగానే కోడ్ క్లియర్ చేసే అలవాటు చేసుకోకు. కోడ్ పడిన క్షణంలో బండి ఎంత స్పీడులో ఉంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, లోడ్ ఎంత అనేది ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటుంది, క్లియర్ కొడితే అదీ పోతుంది. ముందు ఫోటో తీసి పెట్టుకో.

పెద్ద స్కానర్లలో కోడ్ పక్కనే వైరింగ్ డయాగ్రమ్, టెస్ట్ చేసే పద్ధతి, ఉండాల్సిన వోల్టేజీ, ఇదే కోడ్‌కి మిగతా మెకానిక్‌లు ఎక్కువగా మార్చిన పార్టులు కూడా వస్తుంటాయి. ఆ చివరిదాంతోనే జాగ్రత్త. దాన్ని ముందు ఏది టెస్ట్ చేయాలో తెలుసుకోవడానికి వాడు, పార్టు ఆర్డర్ పెట్టడానికి కాదు.

ఖరీదైన స్కానర్ ఇప్పుడే కొనకు, ఇంట్లో అప్పు అసలే వద్దు. మామూలు బ్లూటూత్ అడాప్టర్‌తో ఇంజిన్ డేటా చదవడం నేర్చుకోవచ్చు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లాంటివి మాత్రం చాలావాటిలో రావు. ఒక మల్టీమీటర్ కొనుక్కో. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే ఇగ్నిషన్ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, కూలెంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ గాలి టెంపరేచర్ రెండూ చూడు, దాదాపు ఒకేలా ఉండాలి. కూలెంట్ దగ్గర మైనస్ 40 చూపిస్తే సర్క్యూట్ ఎక్కడో తెగిందని అర్థం, అది సెన్సరా, వైరా, కనెక్టరా అన్నది మల్టీమీటర్‌తో నువ్వే తేల్చాలి.

సాఫ్ట్‌వేర్ మీద నిజంగా ఇష్టం ఉంటే వెళ్లు, కాదనను. స్కానర్‌కి భయపడి మాత్రం వెళ్లకు. డిప్లొమా అయ్యాక మంచి స్కానర్ ఉన్న వర్క్‌షాప్‌లో చేరు, చేరేముందు ఒక్కటి అడుగు: కొత్తవాళ్లని లైవ్ డేటా చూడనిస్తారా, లేక ఆయిల్ మార్చడానికే పెడతారా?