తుపాకీ సందేహాలు: 410తో అడవి పందులు ఆగుతాయా?

(పాఠకుల ప్రశ్నలకు జవాబులు: పోలీసు శాఖలో ఆర్మరర్‌గా (తుపాకుల మరమ్మతు, సంరక్షణ చూసే ఉద్యోగిగా) పనిచేసి రిటైరైన నల్లగొండ వాసి)

ప్రశ్న: మా తాత కొన్న 410 సింగిల్ బ్యారెల్ తుపాకీ ఇంట్లో ఉంది. లైసెన్సు నాన్న పేరున ఉండేది. ఆయన నిరుడు పోయారు. మక్క చేను, పల్లి చేను అడవి పందుల పాలవుతున్నాయి. వాటికి ఈ తుపాకీ సరిపోతుందా సార్?
– ఓ రైతు, దేవరకొండ

సరిపోదు. దానికంటే ముందు ఇంకో సంగతి. నాన్నగారి లైసెన్సుతో ఆ తుపాకీ మీరు ఇంట్లో ఉంచుకోకూడదు. ఇంకా ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. తర్వాత వారసుడిగా మీ పేరున దరఖాస్తు పెట్టండి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు దాటినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, బతికుండగానే వారసుడి పేరున అడగవచ్చు. మన ఊళ్లలో ఆ పని చేసేవాళ్లు తక్కువ. పెద్దాయన పోయాకే పరుగులు మొదలవుతాయి.

ఇక తుపాకీ సంగతి. 410 గొట్టం లోపలి వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. రెండున్నర అంగుళాల తూటాలో పట్టే సీసం రవ్వలు 14 గ్రాములు. అంతకంటే లావు గొట్టం ఉండే 12 బోర్ తుపాకీ తూటాలో 30 గ్రాముల పైనే పడతాయి. పాతిక గజాలు దాటితే 410 రవ్వలు పలచబడిపోతాయి. ఇంగ్లండ్‌లో దాన్ని తోట తుపాకీ అనేవారు. గాదెల దగ్గర ఎలుకలు, తోటలో కుందేళ్లు, అదీ దాని పని. పందికి తగిలితే చావదు, గాయమవుతుంది. గాయపడ్డ పంది మీది మీదికొస్తుంది.

పెద్ద తుపాకీ తెచ్చుకున్నా నేరుగా కాల్చేందుకు వీల్లేదు. 2022 సవరణ తర్వాత అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షిత జంతువుల జాబితాలో ఉంది. పంట నష్టం చూపి, 11వ సెక్షన్ కింద అటవీ అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. గాల్లోకి కాల్చి బెదిరిద్దామనే ఆలోచనా వద్దు.

నన్నడిగితే ముందు మక్క చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం వేయండి. ఆ వాసనకు మక్క వాసన పందికి అందదు. పల్లికి కుసుమ వేస్తే ముళ్లకు జంకుతుంది. ఆముదం మన జిల్లాకు కొత్త పంటేం కాదుగా! కంచెకు కరెంటు మాత్రం పెట్టకండి. దానికి పందుల కంటే ముందు మనుషులే బలవుతున్నారు.

ప్రశ్న: తుపాకీ బోర్‌కు 12, 20, 28 అని నంబరు పెరిగే కొద్దీ గొట్టం ఎందుకు సన్నమవుతుంది? 410 మాత్రం ఏ లెక్క?
– మిర్యాలగూడ పాఠకుడు

ఒక పౌండు సీసంతో ఆ గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్లు ఎన్ని అవుతాయో అదే నంబరు. 12 అయితే లావు గుండ్లు, 28 అయితే సన్నవి. 410 ఈ లెక్కలోది కాదు. అది అంగుళంలో వెయ్యో వంతుల కొలత, అంటే 0.410 అంగుళాలు.

ప్రశ్న: పోలీసుల పాత 410 మస్కట్, మామూలు 410 ఒకటేనా?
– కల్వకుర్తి పాఠకుడు

కాదు. మస్కట్ (పోలీసులు వాడిన పాతకాలపు పొడవాటి తుపాకీ) తూటా .303 రైఫిల్ తూటా కేసును (తూటా తొడుగును) మెడ నొక్కకుండా నిటారుగా ఉంచి చేసింది. మామూలు 410 షాట్‌గన్ (రవ్వలు కాల్చే తుపాకీ), దాని తూటా వేరు, రెండింటి చాంబర్లూ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) వేరు. ఒకదానిలో ఇంకోటి దూర్చే ప్రయత్నం చేయొద్దు.

ఇలాంటిదే ఇంకోటి, ఇంకా ప్రమాదకరం. 20 బోర్ తూటా 12 బోర్‌లో వేస్తే జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. అది చూడకుండా వెనుక 12 తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగులుతుంది. 20 బోర్ తూటాలు పసుపు రంగులో వచ్చేది అందుకే. రెండు తుపాకులున్న ఇంట్లో రెండింటి తూటాలూ ఒకే డబ్బాలో పెట్టకండి. అలాగే రెండున్నర అంగుళాల చాంబర్‌లో మూడంగుళాల తూటా కూడా చక్కగా దూరిపోతుంది. దూరింది కదా అని కాల్చకూడదు. పాత తుపాకీ అయితే చాంబర్ కొలిపించాకే తూటాలు కొనండి.

ప్రశ్న: మా అమ్మాయికి క్లే షూటింగ్ (గాల్లోకి విసిరే పళ్లేలను కాల్చే ఆట) నేర్పించాలనుంది. దెబ్బ తక్కువ కాబట్టి 410తో మొదలు పెట్టమంటారా?
– వనపర్తి తండ్రి

వద్దండీ, ఈ సలహా చాలామంది ఇస్తారు. భుజానికి దెబ్బ తక్కువే కానీ రవ్వలు కొన్నే కాబట్టి పళ్లేనికి తగలదు. పది తప్పితే పాప తుపాకీ పక్కన పెట్టేస్తుంది. 410తో స్కీట్ (ఈ ఆటలో ఒక రకం) కొట్టడం చేయి తిరిగినవాళ్లకే కష్టం. 20 బోర్ గానీ, 24 గ్రాముల తూటాతో 12 బోర్ గానీ నయం. ఒలింపిక్స్‌లోనూ 24 గ్రాములే గరిష్ఠం. మన హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ (ఈ ఆటలో ఇంకో రకం) ఆడింది ఆ నిబంధనతోనే. తుపాకీ పొడవు ఆమె చేతికి సరిపోయేలా వెనుక కొయ్య కత్తిరించి ఇప్పించండి, దెబ్బ సగం అక్కడే తగ్గుతుంది. 410కి తూటాలు దొరకడమూ కష్టమే, 12వైతే ఎక్కడైనా ఉంటాయి. చెవులకు మఫ్‌లు మొదటి రోజే కొనండి.