ముందు మీ అక్క ఇంటికి వెళ్లు, ఉద్యోగం సంగతి తర్వాత

"మేడం, నాకు 28 ఏళ్లు. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి, హైదరాబాద్‌లో ఒక థెరపీ సెంటర్‌లో ఆటిజం ఉన్న పిల్లలకి బిహేవియర్ థెరపిస్టుగా ఐదేళ్ల నుంచి పనిచేస్తున్నాను. రోజుకి ఏడుగురు పిల్లలు, ఒక్కొక్కరికి 45 నిమిషాలు. కొరుకుతారు, జుట్టు పీకుతారు, అవన్నీ అలవాటే. కానీ ఈ ఏడాది నుంచి పొద్దున్న లేవగానే గుండె దడ, సెంటర్ మెట్లెక్కాలంటే టెన్షన్. జీతం 22 వేలు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, వచ్చినవాళ్లు 'అలాంటి పిల్లల దగ్గర పనా' అని మొహం చిట్లిస్తున్నారు. ఇది మానేసి బీఎడ్ చేసి మామూలు స్కూల్లో చేరమంటారా? ఇంకో విషయం, ఖమ్మంలో ఉండే మా అక్క నాతో మాట్లాడి 14 నెలలైంది. వాళ్ల బాబుకి మూడేళ్లు దాటాయి, ఇంకా మాటలు రాలేదు. వాడి రెండో పుట్టినరోజు నాడు నేనన్న మాట తనకి నచ్చలేదు. అది వేరే సంగతిలెండి."

అమ్మాయ్, నా కూతురికంటే రెండేళ్లు చిన్నదానివి, అందుకే నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు. నీ ఉత్తరం చాలా పెద్దది, పైన వేసింది అందులో కొంతే.

నువ్వడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తాను, ఒక్క ముక్కలో అయిపోతుంది. ఇప్పుడు మానొద్దు. బీఎడ్ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాదైనా నోటిఫికేషన్ పడుతుంది. ఇక మొహం చిట్లించిన సంబంధం అంటావా, పోతే పోయింది, మంచిదే. అలాంటి ఇంటికి వెళ్తే రేపు నీ బిడ్డకి మాట కాస్త ఆలస్యమైనా నీ ఉద్యోగాన్నే తిడతారు. మీ నాన్నగారితో నువ్వే చెప్పు, ఇకనుంచి ఏం పని చేస్తున్నానో ఫోన్‌లోనే చెప్పండి, అది విని వచ్చేవాళ్లే రానీ అని.

ఇప్పుడు అసలు దానికి వద్దాం. నాలుగు పేజీల ఉత్తరంలో జీతం గురించి అర పేజీ, పెళ్లిచూపుల గురించి పేజీన్నర, పిల్లల గురించి ఒక పేజీ, అక్క గురించి చివర్లో ఇంత ముక్క, దానికి మళ్లీ 'అది వేరే సంగతిలెండి' అని ఒక తోక. నాకైతే ఆ ముక్కే ఉత్తరమంతా.

ఎందుకంటున్నానో చెప్తాను. నాలుగేళ్లు కొరికించుకున్నావు, పీకించుకున్నావు. మీ చిన్నాన్న కూతురి పెళ్లికి ఎడమ చేతి మీద పళ్ల గాట్లు కనపడకుండా మోచేతులు దాటే జాకెట్టు కుట్టించుకున్నానని నువ్వే రాశావు, అప్పుడు కూడా మానేద్దామని అనిపించలేదే నీకు. ఈ దడ మొదలైంది అక్క మాట్లాడటం మానేశాకే. రెండో పేజీలో ఇంకోటి రాశావు. ఏడు నెలలుగా నీ దగ్గరికి వస్తున్న మూడేళ్ల బాబు మొన్న టేబుల్ మీదున్న సీసా వైపు వేలు పెట్టి 'నీ' అన్నాడని, నీళ్లు అనడానికి వాడికొచ్చిన మొదటి అక్షరం అదని, వాళ్లమ్మ అక్కడే కూలబడి ఏడ్చిందని, నువ్వు బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చావని, 'కానీ అది సంతోషం కాదు మేడం' అని. మరి ఏమిటది? ఎవరి కొడుకో నీళ్లు అడిగాడు, మా అక్క కొడుకు ఇంకా అడగలేదు అని. సెంటర్‌లో ప్రతి గదిలోనూ నీకు వాడే కనిపిస్తున్నాడు. మామూలు స్కూల్లో చేరితే అక్కడ గలగలా మాట్లాడే పిల్లల్లోనూ వాడే కనిపిస్తాడు. స్కూలు మార్చి దీన్ని వదిలించుకోలేవు.

సరే, ఆ పుట్టినరోజు. నువ్వు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. బాబుని పేరు పెట్టి మూడుసార్లు పిలిచావు, తిరగలేదు. బెలూన్ చూపించావు, చూడలేదు. ఎవరికీ ఏదీ వేలు పెట్టి చూపించడం లేదు. కూల్‌డ్రింకుల కోసం తెచ్చిన పేపర్ గ్లాసులు గోడ వెంబడి వరసగా పేర్చుకుంటున్నాడు, ఒకటి ఎవరి కాలో తగిలి పడితే గుక్కపట్టి ఏడ్చాడు. నీ కంటికి ఇంకేం కావాలి? 16 నెలల నుంచి 30 నెలల లోపు పిల్లలకి వేసే ఎమ్-చాట్, అంటే ఆటిజం లక్షణాలున్నాయేమో చూసే ప్రశ్నలు, ఇరవై నీకు నోటికొచ్చు, మనసులోనే టిక్కులు పెట్టేశావు. నువ్వు చూసింది తప్పని నేననను. ఆలస్యం చేయకూడదని నువ్వు పడ్డ తొందర కూడా తప్పు కాదు. కానీ ఎక్కడన్నావు తల్లీ ఆ మాట? భోజనాల దగ్గర, మీ అక్క అత్తగారు, తోడికోడలు, ఆడపడుచు అందరూ విస్తళ్ల ముందు కూర్చుని ఉండగా, 'అక్కా, వీడికి ఆటిజం లక్షణాలున్నాయి, వెంటనే చూపించు' అని.

ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఒక్కసారి ఆలోచించావా? 'మీ వైపు ఎవరికైనా ఉందా?' ఈ ప్రశ్న అడగని అత్తగారు ఉంటుందా? పెళ్లికి ముందు దాచారనే మాట వచ్చి ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నావు, ఫోన్ చేతికిచ్చి పెంచావు, ఉద్యోగమని వాడిని పట్టించుకోలేదు, అన్నీ వచ్చి ఉంటాయి. మన అత్తగార్లనే అనడం దేనికి, పెద్ద పెద్ద డాక్టర్లే ఒకప్పుడు తల్లి మనసు గడ్డకట్టి ఉండటం వల్లే పిల్లలు ఇలా అవుతారని రాశారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే అమెరికా సైకాలజిస్టు, ఆయన కొడుక్కీ ఆటిజమే, ఇది మెదడు ఎదుగుదలకి సంబంధించిన సంగతి, తల్లి పెంపకానికి దీనితో సంబంధం లేదని పుస్తకం రాశాకే ఆ తల్లుల మీద ఆ నింద మెల్లగా తగ్గుతూ వచ్చింది. మన ఇళ్లలో ఇప్పటికీ మోస్తున్నారు. 'నీ ఉద్యోగం నీ బుర్రకెక్కింది, అందరూ నీకు అలాగే కనిపిస్తున్నారు' అని మర్నాడు అక్క ఫోన్‌లో అరిచిందన్నావు చూడు, పక్కన ఎవరున్నారో నీకు తెలుసా? నాకెందుకో ఆ మాట నీకంటే ఆ ఇంట్లోవాళ్లకి వినపడాలని అన్నట్టుంది.

మా పిన్ని సంగతి చెప్తాను. ఆవిడ కొడుక్కి నాలుగేళ్లొచ్చినా మాట రాలేదు. వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాశారు, తాయెత్తు కట్టారు, ఏదీ కుదరక గుంటూరులో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు, డెబ్బైల చివర్లో సంగతి. ఆయన వరండాలో, ముప్పైమంది మధ్యలో, 'మందబుద్ధి, ఇంకేం ఆశ పెట్టుకోవద్దు' అనేసి తర్వాతి చీటీ పిలిచాడు. పిన్ని వాడిని చంకనేసుకుని ఇంటికొచ్చింది, మళ్లీ ఆ పిల్లాడి కోసం ఆస్పత్రి గడప తొక్కలేదు. వాడికిప్పుడు యాభై దాటింది. అన్నం తానే తింటాడు, చొక్కా గుండీలు పిన్ని పెడుతుంది, ఆవిడకి డెబ్బై ఎనిమిది. ఆ వరండా గుర్తొస్తే ఈ రోజుకీ నా కడుపు రగులుతుంది. అదే మాట లోపల గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి చెప్పి ఉంటే ఆవిడ ఇంకో నలుగురి దగ్గరికి తిరిగేది, అంత గట్టి మనిషి.

నువ్వు కొత్త పిల్లాడొస్తే మొదటి పది రోజులు ఏ పనీ చెప్పవు, బుడగలు ఊదుతూ, వాడికిష్టమైనది అందిస్తూ పక్కన కూర్చుంటావు, నువ్వొస్తే మంచే జరుగుతుందని వాడికి నమ్మకం కుదిరాకే 'ఇది తీసుకో, అది పెట్టు' అంటావు. దీన్ని పెయిరింగ్ అంటారని నీ ఉత్తరం చదివే తెలుసుకున్నాను. ఊరూ పేరూ తెలియని పిల్లలకి పది రోజులిచ్చావు, నిన్ను ఎత్తుకుని పెంచిన అక్కకి పది నిమిషాలివ్వలేదు.

కాబట్టి సెలవు పెట్టు, మూడు రోజులు. ఖమ్మం బస్సెక్కు. మీ అమ్మ వెంట రావద్దు, మధ్యవర్తి వద్దు, ముందు వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ వద్దు. మీ అమ్మగారు 'నువ్వే తగ్గు, అది అత్తారింట్లో పడుతోంది' అంటోందన్నావు. సగం ఒప్పుకుంటాను. తగ్గాల్సింది నువ్వే, కానీ అన్న మాట వెనక్కి తీసుకోకు. 'నాదే పొరపాటు, వాడు బాగానే ఉన్నాడు' అని మాత్రం చచ్చినా అనొద్దు, అక్కని సంతోషపెట్టడానికి పిల్లాడి విషయంలో అబద్ధమాడితే రేపు ఆ పిల్లాడి మొహం నువ్వు చూడలేవు. అక్క ఒంటరిగా ఉన్నప్పుడు ఇంతే అను: 'ఆ రోజు మీ అత్తగారి ముందు అనడం నాది తప్పక్కా.' అక్కడ ఆపు. 'కానీ' అని మొదలుపెట్టావంటే మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత రెండు రోజులూ థెరపిస్టువని మర్చిపో. ఫ్లాష్ కార్డులు తీసుకెళ్లకు, పేరు పెట్టి పిలిచి తిరుగుతాడా లేదా అని చూడకు. అన్నం పెట్టు, స్నానం చేయించు, మధ్యాహ్నం వాడిని నువ్వు చూసుకుంటూ అక్కని రెండు గంటలు నిద్రపోనివ్వు. ఆవిడ కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లైందో. అక్కే అడుగుతుంది. తల్లికి తెలియకుండా ఉండదు, వాడి ఈడు పిల్లల్ని పార్కులో చూసిన రోజే ఆవిడ గుండెలో పడి ఉంటుంది.

అడిగినప్పుడు కూడా ఆటిజం అనే పేరుతో మొదలుపెట్టకు, చెవి పరీక్షతో మొదలుపెట్టు. మాట రాని ఏ పిల్లాడికైనా ముందు వినికిడి చూడాల్సిందే, అది నీకు తెలిసిందే, పైగా 'చెవులు చూపిస్తున్నాం' అంటే అత్తగారు కూడా కాదనలేదు. ఆ తర్వాత పిల్లల డాక్టర్. ప్రైవేటు ఫీజులంటే బావగారు వెనకాడతారేమో, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద చాలా జిల్లా ఆస్పత్రుల్లో పిల్లల ఎదుగుదల చూసే డైక్ (డీఈఐసీ) కేంద్రాలున్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ ఉండనే ఉంది, పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అంటారు, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. అక్కడికైతే నువ్వే దగ్గరుండి తీసుకెళ్లొచ్చు. కానీ ఒకటి గట్టిగా చెప్తున్నా, వాడికి థెరపీ మాత్రం నువ్వు చేయకు. వేరేవాళ్లు చేస్తారు. వాడికి థెరపిస్టులు ఎందరైనా దొరుకుతారు, పిన్నివి నువ్వొక్కదానివే.

మీ అమ్మగారు 'మీ మావయ్యకి ఐదేళ్లకి వచ్చాయి మాటలు' అంటుందన్నావు. వచ్చే ఉంటాయి, కొందరికి వస్తాయి. మీ మావయ్య ఆ ఐదేళ్లూ పిలిస్తే తిరిగేవాడా, కావాల్సింది వేలు పెట్టి చూపించేవాడా అని అడిగి చూడు. ఆవిడకి బాగా గుర్తుంటుంది. తేడా ఆవిడకే అర్థమవుతుంది, నువ్వు వాదించక్కర్లేదు.

అక్క అప్పటికీ వినకపోతే? నేనైతే నెల రోజులు చూస్తాను, అంతే. ఆ తర్వాత బావగారితో చెప్పు. అక్క వెనకాల మాత్రం చెప్పకు, 'అక్కా, ఆదివారం నేను బావతో మాట్లాడబోతున్నాను' అని ముందు తనతో అనే చెప్పు. మళ్లీ ఆరు నెలలు మాట్లాడదేమో, తిడుతుందేమో, పడు. మూడేళ్ల పిల్లాడికి ఒక్కో నెల ఎంత విలువో పని చేస్తూ రోజూ చూస్తున్నదానివి నువ్వు. అక్క మనసు నొచ్చుకుంటే నెమ్మదిగా సర్దుకుంటుంది, వాడికి పోయిన నెలలు తిరిగి రావు.

ఇంకో సందేహం రాశావు, విదేశాల్లో ఆటిజంతో పెరిగి పెద్దయినవాళ్లు కొందరు నువ్వు చేసే ఈ ఏబీఏ పద్ధతే, అంటే మెచ్చుకుంటూ, ఇష్టమైనవి ఇస్తూ ప్రవర్తన నేర్పే పద్ధతే, మమ్మల్ని హింసపెట్టింది అంటున్నారని, అది చదివినప్పటినుంచి నీ పని మీద నీకే అనుమానమొస్తోందని. వాళ్ల మాట విను. ఈ పద్ధతికి పేరు తెచ్చిన లోవాస్ అనే అమెరికా సైకాలజిస్టు 1987 నాటి అధ్యయనంలో, వారానికి 40 గంటలు చేసిన దాంట్లో, గట్టిగా 'నో' అనడం, తొడ మీద చరవడం కూడా ఉండేవి. ఇప్పుడవి చాలావరకు పోయినా కళ్లలోకి చూడమని బలవంతపెట్టడం, చేతులు ఊపుకుంటే పట్టుకుని ఆపడం అక్కడక్కడా ఉన్నాయి. మీ సెంటర్‌లో ఉంటే సూపర్‌వైజర్‌తో కూర్చుని మాట్లాడు, ఊపుకునేవాడిని ఊపుకోనిచ్చి నీళ్లడగడం నేర్పుతానని చెప్పు. వినకపోతే అప్పుడు సెంటర్ మారు, ఈ పనే మానేయడం దేనికి? ఇలా అనుమానమొచ్చే మనిషి చేతిలోనే నా మనవడినైనా పెడతాను.

ఖమ్మం నుంచి తిరిగొచ్చాక కూడా పొద్దున్నే దడ తగ్గకపోతే ఒక డాక్టర్‌కి చూపించుకో, అప్పుడు మళ్లీ రాయి, ఉద్యోగం సంగతి మాట్లాడుకుందాం.

వెళ్లేటప్పుడు వాడికి బొమ్మలు కొనకు. బస్టాండు దగ్గర కొట్లో పేపర్ గ్లాసులు ఒక యాభై తీసుకెళ్లు. వాడు గోడ వెంబడి పేర్చుకుంటుంటే పక్కన నేల మీద కూర్చో, అడిగితే ఒక్కొక్కటీ అందించు.