ట్విస్ట్ ముందే తెలిసిపోయింది, ఇప్పుడు థండర్‌బోల్ట్స్ మొదటి సంచిక చదవడం దండగా?

మార్వెల్ కామిక్స్‌లో అవెంజర్స్ అనే హీరోల జట్టు లేని సమయంలో వాళ్ల జాగాలోకి వచ్చిన థండర్‌బోల్ట్స్ జట్టు అసలు ఎవరో మీకు ఎవరో ముందే చెప్పేశారు, ఇక ఆ మొదటి సంచిక చదివి ఏం లాభం అని మీ ప్రశ్న. నాదీ అదే కథ. పేజీ తిప్పకముందే నాకు అంతా తెలుసు. అయినా చదివాను, ఇప్పటికి నాలుగుసార్లు. గుట్టు ఇంకా తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడితో ఆపేయండి, కింద మొత్తం విప్పేస్తున్నాను.

ముందు ఆ జాగా ఎలా ఖాళీ అయిందో చెప్పాలి. 1996లో ఆన్‌స్లాట్ అనే మహా విలన్ కథ ముగిసేసరికి అవెంజర్స్, ఇంకో హీరోల జట్టు ఫెంటాస్టిక్ ఫోర్ చనిపోయారని లోకమంతా నమ్మేస్తుంది. తెర వెనక సంగతి ఏమిటంటే, మార్వెల్ ఆ పుస్తకాలను ఏడాది పాటు జిమ్ లీ, రాబ్ లైఫెల్డ్ అనే కామిక్స్ చిత్రకారుల స్టూడియోలకు ఇచ్చేసింది. అసలు మార్వెల్ కథల్లో మాత్రం జనాన్ని కాపాడే పెద్ద దిక్కు లేకుండా పోయింది. అప్పుడు దిగారు వీళ్లు ఆరుగురు: సిటిజన్ వి, మీటియొరైట్, టెక్నో, సాంగ్‌బర్డ్, అట్లాస్, మాక్-1. కర్ట్ బ్యూసిక్ రచన, మార్క్ బాగ్లీ బొమ్మలు, కవర్ మీద 1997 ఏప్రిల్.

నాకు గుట్టు తెలుసు కాబట్టి మా తమ్ముడి మీద ప్రయోగం చేశాను. వాడికి ఒక్క ముక్క చెప్పకుండా పుస్తకం చేతిలో పెట్టి పక్కనే కూర్చున్నాను. సగానికి వచ్చాక తలెత్తి, "అక్కా, వీళ్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డారు? ఆ ముక్క రాయడం మర్చిపోయాడా?" అన్నాడు. నవ్వు ఆపుకోవడానికి నా తిప్పలు నేను పడ్డాను. ఎందుకంటే వాడు సరిగ్గా గుట్టు మీదే వేలు పెట్టాడు, పెట్టానని వాడికే తెలియదు.

మామూలుగా కొత్త జట్టు వస్తే ఏం చేస్తారు? 1975లో వచ్చిన జెయింట్ సైజ్ ఎక్స్-మెన్ మొదటి సంచికే చూడండి. ఆ జట్టు పెద్ద ప్రొఫెసర్ ఎక్స్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పిలుచుకొస్తాడు. స్టార్మ్ ఎవరు, కొలోసస్ ఎలాంటి ఇంటి నుంచి వచ్చాడు, అన్నీ మన కళ్ల ముందే జరుగుతాయి. థండర్‌బోల్ట్స్‌లో ఆ పిలుపులే లేవు. తయారై వచ్చేశారు, అంతే. మొదటిసారి చదివేవాడికి అది రచయిత హడావిడిలా కనిపిస్తుంది. చివరి పేజీలకు వచ్చి, సిటిజన్ వి ముసుగు వెనక ఉన్నది అవెంజర్స్ పాత శత్రువు బారన్ జీమో అనీ, ఈ ఆరుగురూ పాత విలన్ల ముఠా మాస్టర్స్ ఆఫ్ ఈవిల్ వాళ్లేననీ తెలిశాక గానీ ఆ లోటు ఎందుకో అర్థం కాదు. వీళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చెబితే కథ అక్కడే అయిపోతుంది మరి!

మా వాడు ఆ పేజీ చూసి ఏమీ అనలేదు. పుస్తకం మూయకుండా నేరుగా వెనక్కి తిప్పుకుంటూ మొదటి పేజీకి వెళ్లాడు. వాడు రెండోసారి గుట్టు తెలిసి చదివినట్టు మీరు మొదటిసారే చదవగలరు. మీకు దొరికే లాభం అదే.

ఎలాగో ఒక ఉదాహరణ. ఈ సంచికలో వీళ్లు రెకింగ్ క్రూ అనే విలన్ల గుంపుతో తలపడతారు. తెలియనివాడికి అదొక మామూలు కొట్లాట. కానీ 1986లో మొదలైన అవెంజర్స్ కథలో జీమో పెద్ద ముఠాను కట్టి అవెంజర్స్ ఉండే మాన్షన్‌నే ఆక్రమించినప్పుడు, ఆ ముఠాలో ఈ రెకింగ్ క్రూ కూడా ఉంది. అంటే ఒకప్పుడు తన కింద పనిచేసినవాళ్లనే జీమో ఇప్పుడు జనం చప్పట్ల కోసం కొడుతున్నాడు. ఇది తెలిసి ఆ ప్యానెళ్లు చూస్తే కథ రుచే మారిపోతుంది.

పేర్ల సంగతి ఇంకా బాగుంటుంది. సిటిజన్ వి అనేది రెండో ప్రపంచ యుద్ధ కాలపు హీరో పేరు. ఆ హీరోను చంపింది జీమో తండ్రి. తండ్రి చంపినవాడి పేరునే కొడుకు తగిలించుకుని జనం ముందు నిలబడ్డాడు. ఎంత కొవ్వు ఉండాలి! చెవులు పగిలేలా అరిచే స్క్రీమింగ్ మిమీ ఇక్కడ సాంగ్‌బర్డ్ అయింది, అరుపు కాస్తా గులాబీ రంగు రెక్కలైంది. బీటిల్ మాక్-1 అయ్యాడు, గోలియత్ అట్లాస్ అయ్యాడు. మీటియొరైట్ పాత విలన్ పేరు మూన్‌స్టోన్, వృత్తికి మానసిక వైద్యురాలు. అవతలివాళ్ల మనసుతో ఆడుకోవడం తన వృత్తివిద్య అన్నమాట. తను మాట్లాడే బుడగలన్నీ రెండోసారి చదవండి. నాకు జీమో కంటే ఈవిడంటేనే భయం.

ఒక లోపం కూడా చెప్పాలి. పాత అవెంజర్స్ కథలు అస్సలు తెలియకపోతే చివరి పేజీ అంత గట్టిగా తగలదు. "ఎవరీ జీమో?" అన్న దగ్గరే ఆగిపోతారు. పైన నేను చెప్పిన నాలుగు ముక్కలు మీకు సరిపోతాయి.

నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. వీళ్లు నిజానికి మొదట కనిపించింది ఇన్‌క్రెడిబుల్ హల్క్ 449లో, 1997 జనవరి కవర్‌తో. వరుస తప్పకూడదని నేను అదే ముందు చదివి, హల్క్ కథ సగంలో దూరి తికమకపడ్డాను. థండర్‌బోల్ట్స్ 1తో మొదలుపెట్టి, హల్క్ సంచిక తర్వాత చూసుకోండి. అక్కడ వీళ్లు మంచివాళ్లలా ఎంత చక్కగా నటించారో అప్పుడు ముచ్చటేస్తుంది. ఆ తర్వాత 12వ సంచిక దాకా ఆపకండి. నాటకం ఆడీ ఆడీ కొందరికి జనం మెప్పు నిజంగానే తలకెక్కుతుంది. అందులో ముందుగా మెత్తబడేది ఎవరో మాత్రం నేను చెప్పను, ఆ ఒక్కటైనా మీకు మిగలనివ్వండి.