కావలి నెట్ సెంటరుకు ఏ బ్రౌజరు మేలు? అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

ఒంగోలు

చిరంజీవి అబ్బాయికి మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

కావలిలో పెట్టబోయే నెట్ సెంటరుకు సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు వచ్చాయని, వాటిలో క్రోమ్ ఒక్కటే ఉంచాలా లేక ఫైర్‌ఫాక్స్, బ్రేవ్, ఎడ్జ్, ఒపెరా వంటివాటిలో ఇంకేదైనా మేలా అని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. బ్యాంకు కంప్యూటరు విభాగంలో పనిచేసినన్నాళ్లూ నేను చూసుకున్నది ఈ వ్యవహారమే కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను. ఇంట్లో వాడుకునే కంప్యూటరు అయితే రెండు మాటల్లో తేల్చేవాణ్ని. నీ దగ్గరకు అడంగల్ కోసం రైతులు, హాల్ టికెట్ల కోసం పిల్లలు, పింఛను పనుల మీద పెద్దవాళ్లు వస్తారు. వాళ్ల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఓటీపీలు నీ తెర మీదనే పడతాయి. ఆ బాధ్యత నీదని ముందే అనుకో.

మొదట గ్రహించవలసింది ఏమిటంటే క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి అన్నవి పేర్లు వేరైనా, ఒకే ఇంజిను మీద తలొక తీరున బాడీ కట్టించిన లారీల వంటివి. ఇంజిను అంటే సైటును తెర మీద చూపించే లోపలి ప్రోగ్రాము. ఆ ఇంజిను ప్రధానంగా గూగుల్ నడిపించే క్రోమియం. ఒపెరా తన సొంత ఇంజినును వదులుకుని 2013లో ఇటు వచ్చింది, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020 జనవరిలో వచ్చింది. విండోస్ వాడేవాళ్లకు అందుబాటులో ఉండి, వేరే ఇంజినుతో నడిచే పెద్ద బ్రౌజరు ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ ఒక్కటే. అందువల్ల క్రోమియంలో ఒక లోపం బయటపడితే అది ఆ కుటుంబం మొత్తానికీ తగులుతుంది. గూగుల్ దాన్ని సరిచేసిన నాటి నుంచి తక్కినవాళ్లు ఆ సవరణను తమ బ్రౌజర్లలో చేర్చి మన కంప్యూటరు దాకా పంపేవరకు ఉండే వ్యవధే అసలు ప్రమాదం, ఎందుకంటే సవరణ విడుదలైన రోజునే లోపం ఎక్కడుందో దొంగలకు కూడా తెలిసిపోతుంది. క్రోమ్‌కు 2023 ఆగస్టు నుంచి భద్రతా సవరణలు వారం వారం వస్తున్నాయి. ఎడ్జ్, బ్రేవ్ వాటిని ఆలస్యం లేకుండా అందుకుంటాయి. ఎవరు తయారుచేశారో తెలియని క్రోమియం బ్రౌజరును, అది ఎంత వేగంగా పనిచేసినా సరే, దుకాణంలోకి రానివ్వకు.

భద్రత వేరు, గోప్యత వేరు అన్న సంగతి చాలామంది కలగాపులగం చేస్తారు. ఒక సైటులోని దొంగ ప్రోగ్రాము పక్క ట్యాబులో తెరిచి ఉన్న బ్యాంకు పేజీని చదవకుండా అడ్డుకోవడం భద్రత. ఒక్కో సైటును కంప్యూటరులో విడి గది వంటి ఒక్కో ప్రత్యేక ప్రాసెస్‌లో బంధించి ఉంచే ఈ ఏర్పాటును కంప్యూటర్లలో క్రోమ్ 2018లో తెస్తే, ఫైర్‌ఫాక్స్ 2021లో అందుకుంది. ఈ విషయంలో గూగుల్ పనితనాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. మనం ఏ సైటు నుంచి ఏ సైటుకు వెళ్తున్నామో ఎవరూ వెంబడించకుండా చూడటం గోప్యత. అక్కడ మాత్రం ప్రకటనలే ప్రధాన ఆదాయమైన సంస్థ తయారుచేసిన బ్రౌజరు మన పక్షాన గట్టిగా నిలబడుతుందని ఆశించలేం. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు కుకీలను, అంటే మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజరులో దాచుకునే చీటీలను, ఆ సైటుకే పరిమితం చేసి ఉంచుతోంది. దాన్ని నడిపే మొజిల్లా ఆదాయంలో కూడా పెద్ద భాగం గూగుల్‌ను సెర్చ్‌గా ఉంచినందుకు వచ్చేదే. బ్రేవ్ ప్రకటనలను తనంతట తానే బాగా అడ్డుకుంటుంది గానీ, 2020లో చిరునామా పెట్టెలో కొన్ని క్రిప్టో సైట్ల పేర్లు టైపు చేస్తే తనకు కమిషన్ వచ్చే లింకును చేర్చినట్లు బయటపడి, దాని అధిపతి క్షమాపణ చెప్పవలసివచ్చింది. ఆ క్రిప్టో హంగులన్నీ నీ దుకాణంలో అనవసరం.

ప్రకటనలను అడ్డుకోవడం నీకు సౌకర్యం కోసం కాదు, రక్షణ కోసం. ఎవరైనా తొందరలో ఒక ప్రభుత్వ సేవ పేరో, బ్యాంకు కస్టమర్ కేర్ నంబరో వెతికితే, ఫలితాలలో అన్నిటికన్నా పైన డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన వస్తుంది, అది నకిలీ సైటు కావచ్చు. యుబ్లాక్ ఆరిజిన్ అనే పొడిగింపు, అంటే బ్రౌజరుకు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాము, ఆ ప్రకటనలను తెర మీదకే రానివ్వదు. గూగుల్ పొడిగింపుల నియమాలు మార్చడంతో క్రోమ్‌లో దాని పూర్తి రూపం ఆగిపోయి, బలం తగ్గిన లైట్ రూపం మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి రూపం ఇప్పటికీ నడుస్తోంది. నేను ఫైర్‌ఫాక్స్ వైపు మొగ్గడానికి ఇదే అన్నిటికన్నా పెద్ద కారణం. ఏది పెట్టినా, ప్రభుత్వ సైటైతే చిరునామాలో గవ్ డాట్ ఇన్ ముగింపును చూసుకునే అలవాటు మానవద్దు. చిరునామా పక్కన కనిపించే తాళం బొమ్మ దొంగ సైటుకూ వస్తుంది. అందుకే క్రోమ్ 2023లో ఆ బొమ్మనే తీసేసింది.

ఇక నలుగురూ కూర్చునే కంప్యూటరును ఎలా అమర్చాలో చెబుతాను, దీన్ని మాత్రం తు.చ. తప్పకుండా చెయ్యి. ఫైర్‌ఫాక్స్ సెట్టింగులలో గోప్యత విభాగానికి వెళ్లి చూసిన సైట్ల చరిత్రను ఎన్నడూ గుర్తుంచుకోవద్దని ఎంచుకో. ఇక ప్రతి కిటికీ ఏదీ గుర్తుంచుకోని ప్రైవేటు కిటికీగానే నడుస్తుంది. అప్పుడు కిటికీలన్నీ మూసిన వెంటనే లాగిన్లు పోతాయి. వాట్సాప్ వెబ్ తెరిచి ప్రింటు తీసుకుని లాగౌట్ మరిచి వెళ్లినవారి సందేశాలు తరువాత కూర్చున్నవారి కంటపడవు. అయితే ఒక్కొక్కరు లేచినప్పుడల్లా కిటికీలన్నీ మూయవలసింది నువ్వే. ఈ అమరికలో యుబ్లాక్ దానంతట అది పనిచేయదు, ప్రైవేటు కిటికీలలో నడిచే అనుమతి విడిగా ఇవ్వాలి. పాస్‌వర్డులు దాచమంటారా అని అడిగే ఏర్పాటును ఆపివెయ్యి.

ప్రైవేటు కిటికీ డౌన్‌లోడ్ అయిన ఫైళ్లను చెరపదని కూడా గుర్తుంచుకో. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డు పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఊళ్లో మనిషిని ఎరిగినవాడు దాన్ని ఊహించడానికి ఎంతసేపు పడుతుంది? డౌన్‌లోడ్స్ ఫోల్డరునూ రీసైకిల్ బిన్‌నూ రోజూ దుకాణం మూసేముందు ఖాళీ చెయ్యి. కుదిరితే ప్రతి మనిషికీ చెయ్యి.

ఎడ్జ్‌ను తీసివేయకు. పాత పద్ధతిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం కట్టిన కొన్ని సైట్లు, ముఖ్యంగా డిజిటల్ సంతకంతో పనిచేసేవి, మరెక్కడా తెరుచుకోకపోతే ఎడ్జ్‌లో ఆ పాత బ్రౌజరులా నడిచే ఐఈ మోడ్‌లో తెరుచుకుంటాయి. ఆ పని వరకే దాన్ని వాడు. వేగం సంగతి అంటావా, వీటి మధ్య కనిపించే తేడా చాలా తక్కువ. తెలుగు అక్షరాలు అన్నిటిలోనూ సరిగానే కనిపిస్తున్నాయి.

సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు అన్నావు కనుక అందులోని విండోస్ సంగతి ముఖ్యం. విండోస్ 7 మీద క్రోమ్ 109తోనే ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్ 115 దాటి పోదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అడుగున ఉన్న విండోస్ పాతబడితే పైన ఎంత మంచి బ్రౌజరు పెట్టినా రక్షణ సగమే. విండోస్ 11 ఎక్కని కంప్యూటరు ఉంటే దానిలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసి, అందులో ఫైర్‌ఫాక్స్ ఉంచుదాం. పండగకు వచ్చినప్పుడు నేనే కూర్చుని వేసి చూపిస్తాను. ఒక్కో కంప్యూటరులో ఏ విండోస్ ఉందో, ర్యామ్ ఎంత ఉందో కాగితం మీద రాసుకుని, దుకాణం తెరిచే లోగానే నాకు తెలియజెయ్యి.

మీ పెదనాన్న